పొట్ట పెరిగింది హార్మోన్ తగ్గినందుకా, హార్మోన్ తగ్గింది పొట్ట పెరిగినందుకా?

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట పెట్టుకుంటాను, నా సమాధానమంతా వాటి మీదనే ఆధారపడి ఉంటుంది కాబట్టి. మీ వయసు 54. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు, నడుము చుట్టుకొలత 102 సెంటీమీటర్లు. నలభై అయిదేళ్ల వరకు సన్నగానే ఉన్నారు. ఆ తరువాత చేతులూ కాళ్లూ అలాగే ఉండి పొట్ట ఒక్కటే పెరుగుతూ వచ్చింది. రోజూ నలభై నిమిషాలు నడుస్తున్నారు, రాత్రిపూట అన్నం మానేసి చపాతీలు తింటున్నారు, అయినా తగ్గలేదు. శని, ఆదివారాల్లో రెండేసి పెగ్గులు తీసుకుంటారు. గురక ఎక్కువని ఇంట్లో అంటున్నారు. మూడు నెలల షుగర్ సగటు 6.1, ట్రైగ్లిజరైడ్లు 240, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34, స్కానింగులో కాలేయానికి మొదటి దశ కొవ్వు. మధ్యాహ్నం మూడున్నరకు భోజనం చేసి వెళ్లి ఇచ్చిన రక్తంలో టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోన్ డెసిలీటరుకు 285 నానోగ్రాములు వచ్చింది. హార్మోన్ తగ్గినందువల్లనే పొట్ట వచ్చిందనీ, మూడు వారాలకు ఒకటి చొప్పున ఆరు నెలలు ఇంజెక్షన్లు వేయించుకుంటే కరిగిపోతుందనీ ఒకచోట చెప్పారు. వేయించుకోవాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడున్న ఆధారాలతో వేయించుకోవద్దు. ముప్పై ఏళ్లుగా మధుమేహం, థైరాయిడ్, ఇతర హార్మోన్ వ్యాధులతో వచ్చేవారిని చూస్తున్న వైద్యుడిగా ఈ మాట అంటున్నాను. మీ సమస్యలో హార్మోన్ పాత్ర లేదని నేను అనడం లేదు. ఏది కారణం, ఏది ఫలితం అన్నది మీకు తలకిందులుగా చెప్పారని అంటున్నాను. మీ వయసులో, మీవంటి శరీరంలో చాలావరకు పొట్టే హార్మోన్‌ను కిందికి లాగుతుంది.

ముందు ఆ 285 అనే అంకె సంగతి చూద్దాం. టెస్టోస్టెరాన్ రోజంతా ఒకే మోతాదులో ఉండదు. ఉదయం ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. భోజనం చేసిన తరువాత మరికొంత పడిపోతుంది. గ్లూకోజు తాగించి పరీక్షించినప్పుడు సగటున నాలుగో వంతు దాకా తగ్గినట్టు తేలింది. అందుకే ఈ పరీక్షకు రక్తం ఉదయం ఏడు నుంచి పది గంటల మధ్య, పరగడుపున తీయాలి. జ్వరం వచ్చి తగ్గిన వారంలోనూ, నిద్ర లేని రాత్రి మరునాడూ తీయకూడదు. ఒకసారి తక్కువ వస్తే వేరొక రోజు మళ్లీ తీయాలి. రెండుసార్లూ తక్కువగా ఉండి, దానికి తగ్గ లక్షణాలు కూడా ఉంటేనే దానిని లోపం అనాలని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఊబకాయం లేని 19 నుంచి 39 ఏళ్ల పురుషుల రక్త పరీక్షల ఆధారంగా 2017లో కట్టిన సాధారణ పరిధి 264 నుంచి 916 వరకు ఉంది. అంటే మధ్యాహ్నం, కడుపు నిండా తిని ఇచ్చిన రక్తంలో కూడా మీ అంకె ఆ పరిధి లోపలే ఉంది. కొన్ని ల్యాబులు కింది గీతను 300 దగ్గర, కొన్ని ఇంకా పైన పెట్టుకుంటాయి. మీ రిపోర్టులో ఆ అంకె పక్కన ఎర్రని గుర్తు పడింది అందువల్లనే కావచ్చు.

ఇక్కడ ఇంకొక మెలిక ఉంది, ఇంజెక్షన్ రాసే తొందరలో చాలామంది దానిని పట్టించుకోరు. టెస్టోస్టెరాన్ రక్తంలో విడిగా తిరిగేది చాలా తక్కువ, నూటికి రెండు మూడు వంతులు మాత్రమే. మిగిలినదంతా ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. వాటిలో ముఖ్యమైనది కాలేయం తయారుచేసే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్. పొట్ట పెరిగి, ఇన్సులిన్ పనితీరు మందగించి, దానికి తగ్గట్టు శరీరం ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేస్తున్నప్పుడు కాలేయం ఈ ప్రోటీన్‌ను తక్కువగా తయారుచేస్తుంది. కాలేయంలో కొవ్వు చేరినప్పుడూ అంతే. మోసే ప్రోటీన్ తగ్గితే మొత్తం టెస్టోస్టెరాన్ అంకె తగ్గి కనిపిస్తుంది. కణాలకు అందే విడి హార్మోన్ మాత్రం సరిపడా ఉండవచ్చు. వయసు ప్రభావం దీనికి ఎదురు దిశలో పనిచేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎస్‌హెచ్‌బీజీ పెరుగుతుంది కాబట్టి బక్కపలచని డెబ్బై ఏళ్ల మనిషికి మొత్తం అంకె బాగానే ఉండి, విడి హార్మోన్ తక్కువగా ఉండవచ్చు. అందువల్ల పొట్ట ఉన్నవారి విషయంలో మొత్తం టెస్టోస్టెరాన్ ఒక్కటే చూసి లోపమని తేల్చడం తప్పు. దానితో పాటు ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ అనే మరో ప్రోటీన్ కూడా కొలిచి, ఆ మూడింటి నుంచి విడి హార్మోన్‌ను లెక్కకట్టాలి.

అలాగని పొట్ట వల్ల తగ్గేది కాగితం మీది అంకె ఒక్కటే అనుకోకూడదు. పొట్ట మరీ పెరిగినప్పుడు విడి హార్మోన్ కూడా నిజంగానే తగ్గుతుంది. కొవ్వు కణాలలో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రడయాల్‌గా, అంటే ఆడవారిలో ఎక్కువగా ఉండే హార్మోన్‌గా మారుస్తుంది. మెదడులోని హైపోథాలమస్, దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఆ ఈస్ట్రడయాల్‌ను గమనించి, వృషణాలకు పంపే ఆదేశాలను తగ్గిస్తాయి. పొట్టలోని కొవ్వు నుంచి వచ్చే వాపు రసాయనాలు, పనిచేయని ఇన్సులిన్, సరిపడని నిద్ర ఆ ఆదేశాలను ఇంకా బలహీనపరుస్తాయి. టెస్టోస్టెరాన్ తగ్గితే కండ తగ్గి కొవ్వు చేరడం తేలికవుతుందన్నది కూడా నిజమే. మీకు చెప్పిన మాటలో ఉన్న నిజం అంతవరకే. ఇది ఒక చక్రం, అయితే దీనిని ఎక్కడ పట్టుకుంటే ఆగుతుందన్నది మనకు తెలుసు. ఐరోపాలో ఎనిమిది నగరాల పురుషులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, బరువు పెరిగినవారికి టెస్టోస్టెరాన్ తగ్గింది, బరువు తగ్గినవారికి పెరిగింది. ఎంత ఎక్కువ తగ్గితే అంత ఎక్కువ పెరిగింది. అదే అధ్యయనం 2010లో 40 నుంచి 79 ఏళ్ల వారిని లెక్కపెట్టి చూసినప్పుడు, లక్షణాలూ రక్త పరీక్షలూ రెండూ కలిసి వచ్చిన నిజమైన లోపం నూటికి ఇద్దరికి కొంచెం పైన మాత్రమే కనిపించింది. పొట్ట ఉన్నవారేమో ఎందరో ఉన్నారు. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న దూరమే మీ ప్రశ్నకు సగం జవాబు.

ఇప్పుడు పొట్ట గురించి. దీనిలో రెండు రకాల కొవ్వు ఉంటుంది. ఈ రాత్రి వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, బొడ్డుకు పక్కన చర్మాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చూడండి. వేళ్లకు దొరికేది చర్మం కింది కొవ్వు. అది చూడటానికి బాగుండకపోయినా పెద్దగా హాని చేయదు. మీ వర్ణనను బట్టి మీ వేళ్లకు దొరికేది ఏ రెండు సెంటీమీటర్లో ఉంటుంది. నిలబడ్డప్పుడు మాత్రం పొట్ట డోలులా బిగువుగా ముందుకు వస్తుంది. అంటే మిగిలిన కొవ్వు కండరాల గోడకు లోపల, పేగుల మీద దుప్పటిలా పరచుకున్న పొరలోనూ పేగుల చుట్టూ ఉంది. ఈ లోపలి కొవ్వు నుంచి కరిగి వచ్చే కొవ్వు ఆమ్లాలలో అధిక భాగం పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయంలోకి పోతుంది. మీ కాలేయంలో చేరిన కొవ్వు, పెరిగిన ట్రైగ్లిజరైడ్లు, తగ్గిన హెచ్‌డీఎల్, 6.1 దగ్గరికి వచ్చిన షుగర్, ఇవన్నీ ఆ ఒక్క దారిలో జరుగుతున్న పని ఫలితాలు. విడివిడి జబ్బులుగా నాలుగు మందులు రాయవచ్చు గానీ వేరు ఒక్కటే.

మన దేశంవారికి ఈ లోపలి కొవ్వు బెడద ఎక్కువ. పుణేకు చెందిన డాక్టర్ యాజ్నిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటోనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు లెక్క, ఒకటే, 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2 శాతం. త్రాసు ఇద్దరినీ ఒకేలా చూపింది. అందువల్లనే మన మగవారికి నడుము హద్దును 90 సెంటీమీటర్ల దగ్గర పెట్టారు. అమెరికావారు తమకు పెట్టుకున్నది 102. మీరు వారి గీత మీద ఉన్నారు, మన గీతకు 12 సెంటీమీటర్లు పైన ఉన్నారు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన పెద్దవారిలో 39.5 శాతం మందికి పొట్ట ఊబకాయం ఉంది కాబట్టి ఇందులో మీరు ఒంటరివారు కారు.

వయసు వస్తే ఒంట్లో ఖర్చయ్యే శక్తి తగ్గిపోతుంది, అందుకే పొట్ట వస్తుందని అందరూ అనుకుంటారు. నేనూ చాలాకాలం రోగులకు అలాగే చెప్పాను. 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా మనుషుల శక్తి వినియోగాన్ని కొలిచి 2021లో ప్రచురించిన పరిశోధన వచ్చాక ఆ మాట మానేశాను. శరీర పరిమాణాన్నీ కండనూ లెక్కలోకి తీసుకుంటే, ఇరవై ఏళ్ల నుంచి అరవై ఏళ్ల వరకు ఆ ఖర్చు దాదాపు నిలకడగా ఉంటుంది. తగ్గడం అరవై దాటాకనే మొదలవుతుంది. మరి నలభై అయిదు దగ్గర మీలో మారినదేమిటి? కండ మారింది. ముప్పై దాటాక, ప్రత్యేకించి బరువు పని చేయనివారిలో, పదేళ్లకు నూటికి మూడు నుంచి ఎనిమిది వంతుల కండ పోతుంది. మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలోకి వచ్చినప్పుడు దానిలో పెద్ద వాటాను తీసుకుని దాచేది కండే. కండ తగ్గితే ఆ గ్లూకోజుకు చోటు తగ్గుతుంది, కాలేయం దానిని కొవ్వుగా మారుస్తుంది. మీ చేతులూ కాళ్లూ అలాగే ఉన్నాయని మీరు సంతోషంగా రాశారు. నాకు అదే ఆందోళన కలిగించింది. పదేళ్లలో 78 కిలోలకు చేరిన మనిషి చేతులూ కాళ్లూ లావు కాలేదంటే అక్కడ కండ తగ్గి, ఆ లోటు కొవ్వుతో పూడి ఉండే అవకాశమే ఎక్కువ.

కొన్నేళ్ల క్రితం తెనాలి వైపు నుంచి ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు వచ్చేవారు. అన్నం చాలా తగ్గించానని ప్రతిసారీ చెప్పేవారు. ఆయన అబద్ధమాడే మనిషి కారు. ఒకరోజు ఆయన భార్య వంటింటి త్రాసు కొని, ఆయన కంచంలో మామూలుగా వడ్డించే అన్నాన్ని తూచి చీటీ మీద రాసుకొచ్చారు: మధ్యాహ్నం 410 గ్రాములు, రాత్రి 350 గ్రాములు. వండిన అన్నం వంద గ్రాములకు సుమారు 130 కేలరీలు. రెండు పూటలా కలిపి అన్నం ఒక్కటే దాదాపు వెయ్యి కేలరీలు, పొద్దున ఇడ్లీలు వేరు. పప్పు మాత్రం గరిటెడు. ఆయన అలవాటు చిన్ననాటిది, పొలం పని చేసిన తండ్రి కంచం కొలతే ఈయన కంచం కొలత అయింది. మేం అన్నం మాన్పించలేదు. ఒక్కో పూటకు 150 గ్రాములు చేసి, ముందుగా కూర, పప్పు తిని ఆ తరువాత అన్నం కలుపుకోమన్నాం. రెండు గుడ్లు, మజ్జిగకు బదులు గట్టి పెరుగు చేర్చాం. మొదటి పది రోజులు ఆకలితో చిరాకుపడ్డారని ఆవిడ చెప్పారు. నాలుగు నెలల్లో నడుము తొమ్మిది సెంటీమీటర్లు తగ్గింది.

మీ విషయంలో అన్నం బదులు చపాతీ అన్న మార్పు ఎందుకు పనిచేయలేదో దీనిని బట్టి అర్థమవుతుంది. మూడు చపాతీలు, నూనె వేసిన కూర తింటే పిండి పదార్థం అంతే ఉంటుంది, కొన్ని ఇళ్లలో కేలరీలు పెరుగుతాయి కూడా. మారవలసింది ధాన్యం పేరు కాదు, కంచంలో ధాన్యం వాటా. మన దేశంలో తినే ఆహారంలో శక్తి 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోందని ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు ధాన్యాల వాటా 45 శాతం మించవద్దంటున్నాయి. ఆ ఖాళీని మాంసకృత్తులతో నింపండి. మీ వయసులో, మీ ఎత్తుకు రోజుకు 70 గ్రాముల ప్రోటీన్ లక్ష్యంగా పెట్టుకోవచ్చు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగా ఉంటే. గుడ్డులో 6 గ్రాములు, గట్టిగా వండిన కప్పు పప్పులో 7 లేదా 8, వంద గ్రాముల చేపలోనో చికెన్‌లోనో 20, ఎండు మీల్‌మేకర్ యాభై గ్రాముల్లో 25 దాకా ఉంటాయి. శాకాహారులైతే శనగలు, పెసలు, పెరుగు, పనీర్, మీల్‌మేకర్ కలిపి అంతకు చేరవచ్చు. రాగి సంకటి, జొన్నరొట్టె మంచివే. వాటినీ తూచే తినాలి.

వ్యాయామం దగ్గర నేను ఎక్కువ పట్టుబడతాను. నడక మానవద్దు, దానిని భోజనాల తరువాత పది పదిహేను నిమిషాల చొప్పున విడగొడితే తిన్న గ్లూకోజు అప్పుడే ఖర్చవుతుంది. కానీ నడక ఒక్కటే పోయిన కండను తిరిగి తేలేదు. వారానికి కనీసం రెండు రోజులు, వీలైతే మూడు రోజులు బరువుతో కూడిన పని కావాలి. జిమ్ములో చేరలేనివారికి నేను చెప్పేది ఇది: చేతులు లేని గట్టి కుర్చీ గోడకు ఆనించి పెట్టుకోండి. చేతులు గుండెల మీద కట్టుకుని, నాలుగు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చుని, ఊపుతో కాకుండా తొడల బలంతో లేవండి. పదిసార్లు, ఆపి మళ్లీ పదిసార్లు, మళ్లీ పదిసార్లు. అది తేలికైనప్పుడు అయిదు కిలోల బియ్యం సంచిని గుండెకు హత్తుకుని చేయండి. గోడకు చేతులు ఆనించి చేసే దండీలు, నీళ్ల డబ్బాను నడుము వంచకుండా నేల మీద నుంచి ఎత్తడం దీనికి చేర్చండి. షుగర్ హద్దు దగ్గర ఉంది, వయసు 54 కాబట్టి బరువులు మొదలుపెట్టే ముందు బీపీ చూపించుకోండి. మెట్లు ఎక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉంటే మొదట గుండె పరీక్ష చేయించుకోండి. పొట్ట కండరాల వ్యాయామాలతో పొట్ట కొవ్వు కరుగుతుందనుకోవడం మాత్రం పొరపాటు. ఆ కండరం గట్టిపడుతుంది, దాని వెనుక ఉన్న కొవ్వు దానికి అందదు.

పెగ్గుల గురించి మొహమాటం లేకుండా చెబుతాను. అరవై మిల్లీలీటర్ల విస్కీలో మద్యం ఒక్కటే దాదాపు 140 కేలరీలు. మీ నలభై నిమిషాల నడకకు ఖర్చయ్యేది 150 నుంచి 200 కేలరీలు. రెండు పెగ్గులు, వాటితో పాటు వేయించిన పల్లీలు, చికెన్ ముక్కలు కలిస్తే ఆ రాత్రి లెక్క వారంలో చాలా నడకలను మింగేస్తుంది. అంతకంటే ముఖ్యంగా, మద్యం ఒంట్లో ఉన్నంతసేపు కాలేయం కొవ్వును ఖర్చు చేయడం పక్కన పెడుతుంది. ఇప్పటికే కొవ్వు చేరిన కాలేయానికి మూడు నెలలు పూర్తి విరామం ఇవ్వండి.

గురకను మీరు చివర్లో ఒక్క ముక్కలో రాశారు, నేనైతే దానితోనే మొదలుపెట్టేవాణ్ణి. షికాగోలో ఆరోగ్యవంతులైన యువకులను ఒక వారం పాటు రాత్రికి అయిదు గంటలే నిద్రపోనిచ్చి చూస్తే, పగటి టెస్టోస్టెరాన్ పది నుంచి పదిహేను శాతం తగ్గినట్టు 2011లో ప్రచురించారు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉన్నవారికి ఎన్ని గంటలు పడుకున్నా అసలు నిద్ర అందదు. మీ ఇంట్లో ఒక రాత్రి కాసేపు మేలుకుని గమనించమని అడగండి: గురక హఠాత్తుగా ఆగి, కొన్ని క్షణాలు నిశ్శబ్దం, ఆ తరువాత ఎగశ్వాసతో మళ్లీ మొదలవుతోందా? పగలు బ్యాంకులో కూర్చుని కునుకు వస్తోందా? అయితే నిద్ర పరీక్ష చేయించండి. ఇప్పుడు ఇళ్లలోనే చేసే పరికరాలున్నాయి. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు ఈ జబ్బును ఎక్కువ చేయగలవన్నది మీకు ఎవరూ చెప్పి ఉండరు.

మిగిలిన హార్మోన్లలో థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ పరీక్ష ఒకసారి చూస్తే చాలు. థైరాయిడ్ లోపం వల్ల పెరిగే బరువు కొద్దిపాటిది, అందులోనూ నీరు, ఉప్పు ఎక్కువ. అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే కార్టిజాల్ విషయం అలా కాదు. పొట్ట పెరుగుతూ కాళ్లు సన్నబడటం, ముఖం గుండ్రంగా మారడం, పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు, చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోవడం, కింద కూర్చుంటే లేవలేకపోవడం ఉంటే అది కార్టిజాల్ వంటి స్టెరాయిడ్ మితిమీరి వచ్చే కుషింగ్స్ జబ్బు కావచ్చు. గ్రంథిలో గడ్డ వల్ల వచ్చే కుషింగ్స్ అరుదు. మన ఊళ్లలో నేను ఎక్కువగా చూసింది బయటి నుంచి వెళ్లిన స్టెరాయిడ్ వల్ల వచ్చేదే: మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర నెలనెలా వేయించుకున్న ఇంజెక్షన్, ఆయాసానికి చీటీ లేకుండా కొన్న చిన్న తెల్లమాత్ర, పేరు లేని పొట్లంలో వచ్చిన నొప్పుల పొడి. మీరు అటువంటిదేదైనా వాడుతుంటే చెప్పండి, కానీ సొంతంగా ఒక్కసారిగా ఆపవద్దు. ఏళ్లపాటు స్టెరాయిడ్ వాడి అకస్మాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

టెస్టోస్టెరాన్ చికిత్స ఎవరికి అవసరం? కోరిక తగ్గడం, ఉదయం నిద్రలేచేటప్పుడు సహజంగా ఉండే అంగస్తంభన పోవడం, దాంపత్యంలో స్తంభన కష్టం కావడం, ఇవి కలిసి ఉండి, ఉదయపు పరీక్షలు రెండూ తక్కువగా వచ్చినవారికి అవసరం కావచ్చు. వారికీ ముందు పిట్యూటరీ విడుదల చేసే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్లు చూసి లోపం వృషణాలలో ఉందా, పిట్యూటరీలో ఉందా తేల్చాలి. మీరు ఈ లక్షణాలేవీ రాయలేదు. సంకోచించి రాయకపోతే మీ వైద్యుడికి తప్పక చెప్పండి. చికిత్స పొట్ట మీద అసలు పనిచేయదని కూడా నేను అనను. ఆస్ట్రేలియాలో 50 నుంచి 74 ఏళ్ల వయసు, 95 సెంటీమీటర్లకు తగ్గని నడుము ఉన్న 1,007 మందితో జరిగి 2021లో వెలువడిన పరీక్షలో, జీవనశైలి కార్యక్రమంతో పాటు రెండేళ్లు టెస్టోస్టెరాన్ తీసుకున్నవారిలో రెండేళ్ల చివర మధుమేహం 12.4 శాతానికి కనిపించింది, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 21.1 శాతానికి. కొవ్వు కూడా కొంత తగ్గింది. అయితే మందు తీసుకున్నవారిలో నూటికి 22 మందికి రక్తం చిక్కబడి హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 54 శాతానికి చేరింది లేదా దాటింది. 2023లో వెలువడిన ట్రావర్స్ పరీక్షలో 5,246 మందిని చూశారు. గుండెపోటు, పక్షవాతం మందు వల్ల పెరగలేదు, అది ఊరటే. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు, మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినడం మందు తీసుకున్నవారిలో ఎక్కువగా కనిపించాయి. ఆ పరీక్షల్లో ప్రతి ఒక్కరి రక్తాన్ని, ప్రొస్టేట్‌ను క్రమం తప్పకుండా చూశారు. మీకు చెప్పిన పద్ధతిలో హెమటోక్రిట్ మాట గానీ ప్రొస్టేట్‌కు చేసే పీఎస్‌ఏ రక్త పరీక్ష మాట గానీ లేదు. పైగా మూడు వారాలకొకసారి వేసే ఇంజెక్షన్‌తో మొదటి రోజుల్లో హార్మోన్ హద్దు మించి, మూడో వారానికి పడిపోతుంది. బయటి నుంచి హార్మోన్ వస్తున్నంతకాలం పిట్యూటరీ తన ఆదేశాలు ఆపేస్తుంది, వృషణాలు పని మానుకుంటాయి, వీర్యకణాల తయారీ పడిపోతుంది. ఆరు నెలల తరువాత ఆపితే సొంత తయారీ మళ్లీ గాడిలో పడటానికి నెలలు పడుతుంది. ఆ నెలల నీరసాన్ని చూసి మళ్లీ ఇంజెక్షన్ మొదలుపెట్టినవారిని నేను చూశాను. ఇది చదివే ముప్పై, నలభై ఏళ్లవారు, ఇంకా పిల్లలు కావాలనుకునేవారు ఆ ఇంజెక్షన్ జోలికి అసలు వెళ్లవద్దు.

దుకాణాల్లో అమ్మే టెస్టోస్టెరాన్ పెంచే డబ్బాలకు, శిలాజిత్తుకు డబ్బు పెట్టవద్దు. అశ్వగంధ వాడి కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మీ కాలేయానికి ఇప్పుడు ఆ పరీక్ష అక్కర్లేదు. బరువు తగ్గించే మౌంజారో వంటి కొత్త ఇంజెక్షన్లు 2025 నుంచి మన దేశంలోనూ దొరుకుతున్నాయి. అవి నిజంగా పనిచేస్తాయి. ఆరు నెలలు శ్రద్ధగా ప్రయత్నించాక కూడా నడుము కదలకపోతే, షుగర్ పెరుగుతుంటే వాటి గురించి వైద్యుడితో మాట్లాడటం తప్పు కాదు. వాటితో తగ్గే బరువులో కండ కూడా ఉంటుంది కాబట్టి ప్రోటీన్, బరువుల వ్యాయామం అప్పుడు ఇంకా ముఖ్యమవుతాయి.

మీ 6.1 గురించి ఒక మాట. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో, మీలాగే మధుమేహం అంచున ఉన్నవారు తిండీ నడకా సరిచేసుకున్నందుకే మూడేళ్లలో మధుమేహం ముప్పు 28.5 శాతం తగ్గింది, బరువు చెప్పుకోదగ్గంత తగ్గకపోయినా. అందుకని త్రాసు కదలడం లేదని నిరాశపడవద్దు. మీరు చూడవలసింది టేపు. పరగడుపున, మూత్రానికి వెళ్లి వచ్చాక, చొక్కా తీసి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో టేపు పెట్టి, ఊపిరి మామూలుగా వదిలిన చివర కొలవండి. పొట్ట లోపలికి లాక్కోవద్దు. ప్యాంటు సైజును నమ్మవద్దు, పొట్ట కింద కట్టే బెల్టు పదేళ్లయినా ఒకే రంధ్రంలో ఉంటుంది. రెండు వారాలకొకసారి కొలిచి రాసుకోండి. మూడు నెలల్లో అయిదారు సెంటీమీటర్లు తగ్గితే లోపలి కొవ్వు కదిలిందన్నమాట. బరువు తగ్గినప్పుడు దామాషాలో ముందుగా పోయేది అదే.

ఈ లోపల, వచ్చే రెండు వారాల్లో, వేర్వేరు రోజుల్లో రెండు ఉదయాలు పరగడుపున టెస్టోస్టెరాన్ చేయించండి. మొదటి రోజు రక్తంతోనే ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్, ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్, టీఎస్‌హెచ్, హెమటోక్రిట్, క్రియాటినిన్ కూడా ఇవ్వండి. రెండూ 300 అటూఇటూ ఉండి విడి హార్మోన్ సరిపడా ఉంటే పైన చెప్పిన పని మూడు నెలలు చేసి అప్పుడు మళ్లీ చూద్దాం. అంకె 150 కంటే తక్కువగా ఉండి ఎల్‌హెచ్ పెరగకుండా ఉన్నా, ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉన్నా, తలనొప్పితో పాటు పక్కల చూపు తగ్గుతున్నా మూడు నెలలు ఆగవద్దు. పిట్యూటరీకి ఎంఆర్‌ఐ అవసరం కావచ్చు కాబట్టి ఆ వారంలోనే ఎండోక్రైనాలజిస్టును కలవండి. వెళ్లేటప్పుడు ఆ 285 రిపోర్టును కూడా తీసుకెళ్లండి, రక్తం తీసినది మధ్యాహ్నం మూడున్నరకు, భోజనం తరువాత అని దాని మీద రాసి.